ఊరికే పోవుట

(మార్కు సువార్త 6వ అధ్యాయము 30 మొదలు 34 వరకు గల వచనములను ముందుగా చదువుకొనవలెను.)

మా రొద్దములో ఎవరైనను బస్సు ఎక్కుచున్నారనిన, అడుగకమునుపే కారణము తెలిసిపోవును. పెనుకొండకు పోవువారు కచ్చేరి పనిమీద పోవుదురు. హిందూపురమునకు పోవువారు పట్టుగూళ్లు అమ్ముకొనుటకు పోవుదురు. ధర్మవరమునకు పోవువారు పెండ్లి చీరలకైనను పోవుదురు, రైలు ఎక్కుటకైనను పోవుదురు. బెంగుళూరికి పోవువారు కూలికి పోవుదురు. వారిలో కొందరు పండుగకు తిరిగి వత్తురు, కొందరు రారు. ఏ పనియు లేక ప్రయాణము కట్టువాడు మా ఊరిలో కనబడడు. అట్లు పోవువానిని "యాడికి పోతాండావు, ఎందుకు?" అని అడిగినయెడల, "ఊరికే" అని చెప్పవలసి వచ్చును. ఆ ఒక్క మాట చెప్పుటకు మనవారికి ఎంతో సిగ్గు. అప్పు చేసి పెండ్లి చేసితినని చెప్పుటకు లేని సిగ్గు, ఊరికే పోయితినని చెప్పుటకు ఉన్నది.

మొన్నటి కోత పండుగ ఆరాధన ముగిసిన తరువాత ఆరు కుటుంబములవారు మా యింటి అరుగుమీద కూర్చుండి ఒక సంగతి తెచ్చిరి. "అయ్యగారూ, ఈ తూరి సంక్రాంతి పోయినాంక ఒక వారం సముద్రం కాడికి పోయొస్తామా? పిల్లోళ్లు అడుగుతాండారు. మేము కూడా చూల్లేదు" అని. వారిలో యాబదియేండ్లు దాటినవారు నలుగురు. పెన్న యిసుకలో పుట్టి, చెనక్కాయ చేలలో నడుము వంచి, ఇంతవరకు సముద్రమును టెలివిజనులోను సెల్లుఫోనులోను చూచినవారే గాని కంటితో చూచినవారు కారు. మేము సంతోషించితిమి. అయితే సంఘ పెద్దలలో ఒకరు, వయస్సులో మాకంటె చాల పెద్దవారు, అక్కడనే కూర్చుండి విని, మెల్లగా అడిగిరి. "అయ్యగారూ, నేను వద్దనేకి చెప్పలేదు. కానీ ఇది ధర్మమేనా? పక్కింట్లో బియ్యం లేకుండా ఉంటే, మనం నీళ్లు చూసేకి వారం దినాలు పోవచ్చునా?"

ఆ ప్రశ్నకు మేము ఆ దినమున జవాబు చెప్పలేదు. ఇప్పటికిని పూర్తిగా చెప్పగలమని అనుకొనుట లేదు. అయితే ఆలోచించిన కొలది మాకు తోచినదానిని ఈ పత్రిక చదువు ఇతర గ్రామ సంఘములవారికిని తెలియజేయుట మంచిదని వ్రాయుచున్నాము. దానికి ముందు మా తప్పిద మొకటి ఒప్పుకొనవలెను. అది ఒప్పుకొనకుండ ఈ విషయమై వ్రాయుటకు మాకు హక్కు లేదు.

కొన్ని యేండ్ల క్రిందట మా సంఘములో ఒక పెద్దమ్మ ఉండెను. పెనిమిటి చిన్నతనముననే పోయెను. కూలినాలి చేసి ఇద్దరు బిడ్డలను పెంచినది. ఆమె ఒక దినము కొంగున ముడివేసిన రూపాయలను మా బల్లమీద పరచి, "అయ్యా, దీంతో సముద్రం చూసి రావచ్చునా? నెల్లూరు కాడ మన ఏరు పోయి దాంట్లో కలుస్తాదంట గదా. ఆ కలిసే తావు చూడాలని చిన్నప్పటి నుంచీ ఉండాది" అని అడిగెను. అప్పుడు మా గుడి పైకప్పు కారుచుండెను. మేము దానినిగూర్చి ఎక్కువగా ఆలోచించుచున్న దినములవి. మేము ఆమెను వద్దనలేదు. వద్దనినను బాగుండెడిది. మేము కప్పు కారుచున్న సంగతి మాత్రము ఎత్తితిమి. ఆమె తల ఊపి, ఆ డబ్బు అక్కడనే వదలి వెళ్లినది. తరువాతి ఆదివారము మేము బీద విధవరాలి రెండు కాసులనుగూర్చి ప్రసంగించితిమి. అందరును ఆమెవైపు చూచిరి. ఆమె తల వంచుకొనెను. మేము దానిని వినయమనుకొంటిమి.

మూడేండ్లకు ఆమె ప్రభువునందు నిద్రించెను. సముద్రమును చూడలేదు. భూస్థాపన దినమున వాన కురియుచుండగా గుడి కప్పు ఒక్క చుక్కయు కారలేదు. ఆ రాత్రి మేము మరల మార్కు 12వ అధ్యాయము తెరచి చూచితిమి. ఆ కాసుల సంగతి 41వ వచనమున ఆరంభమగును. దానికి పైనున్న 40వ వచనములో, దీర్ఘప్రార్థనలు చేయుచు విధవరాండ్ర యిండ్లను మ్రింగివేయువారినిగూర్చి ప్రభువు చెప్పిన కఠినమైన మాట యున్నది. సెమినరీలో మాకు గ్రీకు భాష నేర్పిరి. పై వచనము చదువకుండ క్రింది వచనము ప్రసంగింపరాదని గూడ నేర్పిరి. మేము 41 నుండియే చదివితిమి.

కాబట్టి పెద్దలు అడిగిన ప్రశ్న మాకు రెండు వైపుల పదునుగల కత్తివలె నుండెను. ఊరికే పోవుట ధర్మమా అని ఒక వైపు. ఊరికే పోవుటకు ఒకరిని పోనియ్యకపోవుట ధర్మమా అని మరియొక వైపు.

మొదటిదానికి మనవారు సాధారణముగ చెప్పు జవాబు, విశ్రాంతి పొందిన తరువాత ఎక్కువ పని చేయవచ్చును అనునది. కొడవలి నూరుకొనినట్లు అందురు. మాకు ఆ జవాబు అంతగా రుచించదు. అట్లయినయెడల విశ్రాంతి కూడ పనికి బానిసయే యగును. ఎద్దుకు మేత వేయునది మరునాడు దున్నుటకే యైనచో ఎద్దునకును మనకును భేద మేమి? ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో విశ్రాంతిదినాజ్ఞను చూడుడి. నిర్గమకాండము 20లో అదే ఆజ్ఞకు సృష్టి కారణముగా చెప్పబడినది. ఇక్కడ ఐగుప్తు కారణముగా చెప్పబడినది. మీరు దాసులై యుంటిరి, అప్పుడు మీకు సెలవు లేకపోయెను, కాబట్టి మీ దాసునికి, మీ దాసికి, మీ యెద్దునకు, మీ గాడిదకు, మీ యింటనున్న పరదేశికి విశ్రాంతి నియ్యవలెనని దాని భావము. మరునాటి పనినిగూర్చి అక్కడ ఒక్క మాటయు లేదు. నిన్నటి దాస్యమునుగూర్చియే యున్నది. ఊరికే కూర్చుండుటకు హక్కు లేనివాడు దాసుడు. ఆ హక్కు గలవాడు విడుదల పొందినవాడు.

ఈ మాట మన పల్లె సంఘములకు ఎంత దగ్గరగా నున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. మన తాతలలో అనేకులు ఇతరుల పొలములలో వెట్టి చేసినవారు. పండుగ దినమునను చచ్చిన పశువును లాగుటకు పిలుపు వచ్చిన పోవలసినవారు. వారికి సెలవు అను మాట తెలియదు. సెలవు దొరలకుండెను. మధుర ప్రాంతపు అమెరికను మిషనరీలు జ్వరములచేత తమ వారిని పోగొట్టుకొనిన పిమ్మట 1845లో కొడైకానలు కొండమీద మొదటి ఇండ్లు కట్టుకొనిరి. తరువాత ఇతర మిషనులవారును వేసవిలో కొండలకు పోవుట వాడుక యయ్యెను. "దొరగారు కొండకు పోయినారు" అను మాటను ముసలివారు చెప్పగా చిన్నతనమున మేము వినియున్నాము. వారు పోవుట తప్పని మేమనము. బిడ్డలను పాతిపెట్టిన తలిదండ్రులను ఎవరు తప్పుపట్టగలరు? అయితే ఆ వేసవిలో అదే యెండలో పల్లె పల్లె తిరిగిన మన ఉపదేశకులకును బైబిలు స్త్రీలకును కొండ లేదు. ఆ సంగతిని ఎవరును తప్పుగా తలంచినట్టు కనబడదు, మన ఉపదేశకులు సహా. సెలవు గొప్పవారిదని, పని మనదని మనమే ఒప్పుకొంటిమి. ఆ పెద్దమ్మ డబ్బు వదలి వెళ్లుటకు మా మాట ఒక్కటియే కారణము కాదు. ఆ పాత ఒప్పుదల గూడ కారణమని మాకు తోచుచున్నది. అందువలన మా తప్పు తగ్గదు.

ఇప్పుడు మార్కు 6వ అధ్యాయమునకు వత్తము. శిష్యులకు భోజనము చేయుటకైనను తీరిక లేకపోగా, ఏకాంతముగా అరణ్యప్రదేశమునకు వచ్చి కొంచెము సేపు అలసట తీర్చుకొనుడని ప్రభువు తానే పిలిచెను. వారు దోనె ఎక్కి బయలుదేరిరి. ఏమి జరిగెను? జనులు కాలినడకను పరుగెత్తి వారికంటె ముందుగా అక్కడికి చేరిరి. సెలవు ఆరంభము కాకమునుపే ముగిసిపోయెను. ప్రభువు ఆ జనులమీద కనికరపడి బోధించెను, వారికి భోజనము పెట్టెను. ఈ భాగమును పట్టుకొని, చూచితిరా, సేవకునికి సెలవు లేదు అని బోధించువారున్నారు. మేమును ఒకప్పుడు అట్లే బోధించితిమి. అయితే సెలవునకు పిలిచినవాడు ఆయనయే గదా. దోనెలో గడచిన ఆ కొద్దిసేపు వారికి దొరకినది. నీటిమీద ఎవరును వారిని ఏమియు అడుగలేదు. గట్టున ఆకలిగొన్నవారు కనబడినప్పుడు ఆయన దోనెను వెనుకకు త్రిప్పలేదు. వారిని చూచి శిష్యులతో, మిమ్మును పిలుచుట నా పొరపాటు అనియు చెప్పలేదు. రెండును ఆయన హృదయములో నున్నవి. పెద్దలు అడిగిన ప్రశ్నలో ఒక్కటే యుండవలెనను తొందర యున్నది. మాలోను ఆ తొందర యుండెను.

ఇక ప్రయాణపు సంగతి. ఇది చెప్పుట మాకు ఇష్టము గనుక కొంచెము విస్తరముగా వ్రాయుదుము; చదువరులు క్షమింతురు గాక.

పెన్న కర్ణాటకములో నంది కొండల ప్రాంతమున పుట్టి, హిందూపురము వైపున మన సీమలో ప్రవేశించి, మా రొద్దము ప్రక్కగా పోవును. పోవును అని వ్రాసితిమి గాని, సంవత్సరములో ఎక్కువ దినములు అక్కడినుండి పోవునది ఇసుకయే, అదియు ట్రాక్టర్లలో. ఆ యేరే 597 కిలోమీటర్లు సాగి, కడప సీమలో ఉపనదులను కలుపుకొని, నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర సముద్రములో పడును. 2021 నవంబరులో నెల్లూరు దగ్గర అది పొంగి, పడుగుపాడు కడ రైలుకట్టను కోసివేసి, పెద్ద రోడ్డును గూడ తెంచినది. మా పిల్లలు క్రికెట్టు ఆడుకొను యిసుక యేరు అట్టి పని చేసినదనిన వారు నమ్మలేదు. కాబట్టి మన యేటి వెంబడి పోయి దాని కడపటి తావు చూతమని నిర్ణయమైనది. ఆ పెద్దమ్మ అడిగిన తావు అదే. ఇది మేము ఎవరికిని చెప్పలేదు. ఆమె కోడలు తానే చెప్పెను.

దారి ఏమనగా, ధర్మవరములో రైలెక్కి కదిరి, పాకాల మీదుగా తిరుపతి చేరి, అక్కడనుండి గూడూరు మీదుగా నెల్లూరు. మేము కాగితముమీద మొదట వ్రాసిన పట్టికలో పదునొకండు ఊళ్లుండెను. ఊటుకూరు, మైపాడు, ఒంగోలు, కొత్తపట్నం, మోటుపల్లి, చీరాల దగ్గరి ఓడరేవు, బాపట్ల దగ్గరి సూర్యలంక, బందరు, మంగినపూడి, ఇంకను ఏవేవో. మా యింటి అమ్మగారు ఆ కాగితము చదివి, "ఇది సెలవా, సువార్త దండయాత్రా?" అని నవ్విరి. నిజమే. విశ్రాంతికి పోవుటలోను మేము పనినే మూటగట్టుకొని పోవుచుంటిమి. పదునొకండు కొట్టివేసి మూడు బసలు నిలిపితిమి: మైపాడు దగ్గర మూడు రాత్రులు, ఒంగోలులో రెండు, సూర్యలంక దగ్గర రెండు. బందరు పోయినది. దానికి మాకు కొంచెము బాధ కలిగెను, ఎందుకనిన రాబర్టు నోబులుగారు 1843లో అక్కడ స్థాపించిన పాఠశాలను చూడవలెనని మాకు చిరకాలపు కోరిక.

ఒంగోలును మాత్రము విడువలేదు. దానికి కారణ మున్నది. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరవును మన సీమ ఎరుగును. మన బళ్లారి, అనంతపురము ప్రాంతములు అప్పుడు పాడైపోయినవి. ఆ కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌగారు బకింగుహాము కాలువలో కొన్ని మైళ్ల పని తాను గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని యిచ్చి కూలి యిచ్చెను. ఆ కాలువ కోస్తా పొడుగునను సముద్రమునకు సమీపముగా సాగును. కూడు కొరకు క్రైస్తవులైరను నింద రాకూడదని, ఆ సహాయము జరుగుచున్నంత కాలము ఆయన ఎవరికిని బాప్తిస్మ మియ్యలేదు. అటు తరువాత 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటియొద్ద వెల్లంపల్లిలో ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మ మియ్యబడెను. ఆ లెక్కను మన కూటములలో పలుమారులు వినియుందురు. మాకు ఆ లెక్కకంటె ఆ కాలువ గట్టు ఎక్కువ చూడవలెనని యున్నది. ఈ దినమున మనము గాలికి కూర్చుండబోవు గట్టును, ఎముకలు కనబడు చేతులతో మనుష్యులు ఎత్తిన మన్ను. దానిమీద పిల్లలతో కూర్చుండి చెనక్కాయలు తినుట తగునా? తగునని మా తలంపు, ఆ మన్ను ఎవరు ఎత్తిరో పిల్లలకు చెప్పినయెడల.

మోటుపల్లి బసగా లేకపోయినను, సూర్యలంక బస దినములలో ఒక పూట పోవచ్చును. అది పూర్వకాలపు రేవు. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనము గలదు. గాలివానకు కొట్టబడి ఒడ్డునకు చేరిన ఓడల సరకును అంతకుముందు రాజులు దోచుకొనుచుండిరట. అతడు దానిని మాన్పి, సుంకము మాత్రము తీసికొని తక్కినది వర్తకులకు విడిచిపెట్టుదునని అభయ మిచ్చెను. అపొస్తలుల కార్యములు 28లో మెలితే ద్వీపస్థులు వానలో తడిసిన పౌలునకును తక్కినవారికిని నిప్పు రాజబెట్టి చేర్చుకొనిన సంగతి చదువునప్పుడు, మనకు ఈ రాతి శాసనమును జ్ఞాపకము వచ్చిన మంచిదే.

ఇంతలో యాకోబు పత్రిక 4వ అధ్యాయము మమ్మును మందలించును. నేడైనను రేపైనను ఒకానొక పట్టణమునకు పోయి ఒక యేడు గడపుదుమని చెప్పుకొనువారితో, రేపేమి సంభవించునో మీకు తెలియదు, మీరు ఆవిరివంటివారు అని ఆయన చెప్పును. పట్టిక వ్రాయుటయే తప్పా? కాదు, ప్రభువు చిత్తమైతే అను మాట దానిపైన వ్రాయుమనుచున్నాడు. సముద్రతీరమునకు పోవువారికి ఈ మాట వట్టి మర్యాద కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచివేసి సుమారు ముప్పది వేల ప్రాణములు తీసినది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో వేలమంది ఒక్క రాత్రిలో పోయిరి. కాబట్టి తుపానుల కాలమైన అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు దాటిన తరువాత జనవరి నెలాఖరున బయలుదేరవలెనని నిర్ణయించితిమి. తుపాను లేనప్పుడును సముద్రము చెరువు కాదు. సూర్యలంక, ఓడరేవు దగ్గర స్నానమునకు దిగిన పడుచువారు అలలకు కొట్టుకొనిపోయిన వార్తలు దినపత్రికలలో ఎన్నిమారులు చదువుట లేదు! మన పిల్లలకు ఈత రాదు, ఈదుటకు నీళ్లున్నగదా. మోకాలి లోతు దాటరాదని కట్టడ చేసితిమి. పడుచువారు సణిగిరి. సణగనిండు.

మన పనులనుబట్టియు అదే కాలము తగినది. చెనక్కాయ యింటికి చేరి యుండును. అయితే పట్టుపురుగులున్న యింటివారికి సెలవు దొరకుట కష్టము. పిల్లపురుగు మొదలు గూడు కట్టువరకు ఇంచుమించు నెలదినములు, పగలనక రాత్రియనక ఆకు వేయవలెను. నాలుగవ జ్వరమునుండి లేచిన పురుగు వారము దినములు వానచప్పుడువలె ఆకు తినుచునే యుండును. ఆ వారమున ఇంటిలో చావు వచ్చినను ఒకరు పురుగుల దగ్గర ఉండవలసినదే. కాబట్టి ఒక పంట గూళ్లు అమ్మి, ఇల్లు కడిగి మందుచల్లి, రెండవ పంటకు పురుగు తెచ్చుటకు నడుమనున్న ఖాళీలోనే మన వారము పడవలెను. ఆరు కుటుంబములును తమ పంటల దినములను ఒకదానికొకటి సరిపెట్టుకొనిరి. పాలిచ్చు ఆవులను ఎవరు చూతురనునది ఇంకను తేలలేదు. ఒక హిందూ పొరుగువారు తామే ముందుకు వచ్చి, "మీరు పోయి రాండి, మాకు సముద్రం నీళ్లు ఒక సీసా తెచ్చియ్యండి" అని చెప్పిరి.

ఇంకొక సంగతి మగవారు శ్రద్ధగా చదువవలెను. వంటసామాను మోసికొనిపోయి అక్కడనే వండుకొనినయెడల ఖర్చు తగ్గునని మొదట అందరము సంతోషించితిమి. స్త్రీలు మాటలాడలేదు. అప్పుడు పదమూడేండ్ల ఆడపిల్ల ఒకతె, "అంటే అమ్మోళ్లు ఈడ వండేది ఆడ వండుతారా?" అని అడిగెను. ద్వితీయోపదేశకాండములోని ఆ ఆజ్ఞలో దాసునికిని దాసికిని ఎద్దునకును విశ్రాంతి చెప్పబడినది. భార్య పేరు వేరుగా లేదు. మాకు తెలిసినంతలో, లేదు గనుక అక్కరలేదని చాలమంది మగవారి యభిప్రాయము. వారములో నాలుగు దినములు హోటలు భోజనమనియు, మిగిలిన మూడు దినములు మగవారు వండవలెననియు తీర్మానమైనది. సంగటి గెలుకుట మాకు వచ్చును. చేపల కూర రాదు.

పౌలు ప్రయాణములో ఒక చిన్న మాట యున్నది, దానిని మేము ఇరువది యేండ్లు చదివియు చూడలేదు. అపొస్తలుల కార్యములు 20:13. త్రోయనుండి అస్సు వరకు తక్కినవారందరు ఓడలో పోయిరి. పౌలు తాను కాలినడకను వచ్చెదనని చెప్పి విడిగా పోయెను. సుమారు 30 కిలోమీటర్ల దారి. మూడు వచనముల తరువాతనే, పెంతెకొస్తునకు యెరూషలేములో నుండవలెనని అతడు త్వరపడుచుండెనని వ్రాయబడియున్నది. అంత త్వరలో నున్నవాడు ఓడను విడిచి కాళ్లతో ఎందుకు నడిచెను? లూకా చెప్పలేదు. ప్రార్థించుటకని కొందరు వ్యాఖ్యాతలందురు. కావచ్చును. ఎవరైనను దారిలో అతనిని అడిగియుండినయెడల అతడేమి చెప్పెడివాడో! ఊరికే అని చెప్పియుండునని అప్పుడప్పుడు మాకు తోచును. ఇది వ్యాఖ్యానము కాదు, మా ఆశ మాత్రమే.

మనము గాలికి పోవు తీరము వేరొకరికి పొలము. మైపాడు ఒడ్డున వలలు ఆరవేసికొను మత్స్యకారులు మనలను చూచి, వీరికి పని లేదా అనుకొందురు. మన మడిలో మడమ మోపి ఫోటోలు తీసికొను పట్టణవాసులను చూచి మనమనుకొనునట్లే. వలలమీద నడువరాదు, పడవలెక్కి ఆడరాదు, తిన్న కాగితములు అక్కడ వేయరాదు. వారికిని సెలవుకాల మొకటి ఉన్నది. ప్రతి యేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు, చేపలు పిల్లలు పెట్టు కాలమని, తూర్పుతీరమున మరపడవలు వేటకు పోరాదని ప్రభుత్వపు కట్టడ. సముద్రమునకు విశ్రాంతి యన్నమాట. లేవీయకాండము 25లో భూమికి విశ్రాంతి చెప్పబడినట్లు. అయితే ఆ రెండు నెలలు మత్స్యకారుల పొయ్యి ఎట్లు మండునని అడుగవలెను. ప్రభుత్వము భృతి యిచ్చుచున్నది. అది ఇల్లు గడచుటకు చాలునా లేదా అని మేము వారినే అడిగి తెలిసికొందుము. కూడు లేని సెలవు సెలవు కాదు. కరవు సంవత్సరములలో మన పొలములకును అట్టి సెలవు దొరకినది. దానిని ఎవరును విశ్రాంతి యనలేదు.

ఇక డబ్బు సంగతి. సంఘపు సొమ్ములో ఒక్క రూపాయియు తీయరాదని మొదటనే అనుకొంటిమి. అత్తరు బుడ్డి పగులగొట్టిన స్త్రీని ప్రభువు సమర్థించెను గదా, బీదలకు మున్నూరు దేనారములు ఇయ్యవలసినదనినవానిని గద్దించెను గదా అని ఒక యౌవనస్థుడు వాదించెను. తెలివైన వాదమే. అయితే ఆ అత్తరు ఆయనమీద పోయబడెను. మనము మన తలలమీదనే పోసికొని ఆ వచనమును చెప్పుకొనుట కుదరదు. ఆరు కుటుంబములును తమ ఖర్చు తాము పెట్టుకొని, దానిపైన మరి ముగ్గురికి దారిఖర్చు కలిపి వేసిరి. సంఘములో ఒంటరిగా నున్న ముగ్గురు ముసలమ్మలను పిలుచుకొనిపోవలెనని వారి యుద్దేశము. మాకు కన్నీళ్లు వచ్చినవి, చెప్పుటకు సిగ్గేల.

మేము ఆ ముగ్గురి యిండ్లకు పోయి చెప్పితిమి. ఇద్దరు ఒప్పుకొనిరి. మూడవ ఆమె మా మాట పూర్తిగా విని, "అయ్యా, నాకెంత ఖర్చు అయితాదో ఆ దుడ్లు చేతికి ఇప్పిస్తావా? మోకాళ్లకి మందు తెచ్చుకుంటా. సముద్రం చూసి ఏం జేసేది?" అని అడిగెను.

మేము చాలసేపు ఆమె యరుగుమీదనే కూర్చుంటిమి. సముద్రము చూచినయెడల నీ మనస్సు తేలికపడునని చెప్పబోయితిమి. ఒకప్పుడు ఒక స్త్రీకి సముద్రము అక్కరలేదు కప్పు కావలెనని మేము నిర్ణయించితిమి. ఇప్పుడు మరియొక స్త్రీకి మందు అక్కరలేదు సముద్రము కావలెనని నిర్ణయించుటకు మేమెవరము? తిరిగి వచ్చి ఆరు కుటుంబములవారితో చెప్పితిమి. ఒకరిద్దరు నొచ్చుకొనిరి, ఇచ్చినది విహారమునకు గాని మందులకు కాదనిరి. ప్రశ్న అడిగిన ఆ పెద్దలు మాత్రము ఏమియు అనక, మరునాడు ఉదయము తామే పోయి ఆమెకు ఆ డబ్బు ఇచ్చి వచ్చిరి. ఆమె దానితో మందు కొనెనో, మనుమనికి ఇచ్చెనో మేము అడుగలేదు.

ఆ మధ్యాహ్నము పెద్దలు మా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండి మజ్జిగ త్రాగుచు, "అయ్యగారూ, ఆ యమ్మ సీటు ఖాళీ అయ్యింది గదా. నన్ను రాసుకోండి" అనిరి.

"మీ ప్రశ్నకు జవాబు దొరికినదా?" అని అడిగితిమి.

"లేదు. దోవలో అడుగుతా ఉంటాను."

వారి పేరు వ్రాసికొంటిమి. వెంట తీసికొని రావలసినవి ఇవి: ఒక దుప్పటి, మందులు వాడువారు తమ మందులు, తలకు గుడ్డ, బొరుగులును చెనక్కాయలును, పాటల పుస్తకము, బైబిలు. ఆదివారము ఒంగోలులో ఉందుము గనుక అక్కడి సంఘములో ఆరాధనకు తెల్లని బట్ట ఒక జత. ఆవుల సంగతి వచ్చే బుధవారపు ప్రార్థన కూటము తరువాత మాటలాడుకొందము.